ప్రాప్తవ్యవహారత: కౌమారము వీడి యౌవనము జొచ్చువారిని గూర్చిన విచారము

మనుష్యుని జీవితమున జననమునకును మరణమునకును దప్ప మఱి దేనికిని దిట్టమైన గడియ లేదు. శైశవ మెన్నడు బాల్యమయ్యెనో, బాల్య మెన్నడు కౌమారమయ్యెనో కన్నతల్లియైనను జెప్పజాలదు. అయినను కౌమారమునకును యౌవనమునకును నడుమ చట్టము ఒక గీటు గీచినది. ఆ గీటునకు ముందటి దినమున బాలుడైనవాడు మఱునాడు పెద్దవాడు. నిన్న తన యెకరము భూమిని అమ్మజాలనివాడు నేడు అమ్మగలడు. నిన్న అతని చేవ్రాలు వట్టి సిరా. నేడు అది అతనిని తుదివఱకు వెంబడించు బంధము. ఒక్క రాత్రిలో బయట నింత మార్పు జరిగినప్పుడు లోపల మాఱిన దేమి? ఏమియు మాఱనిచో, మాఱవలసిన దేమి? దాని నెవరు మార్పవలెను? ఈ ప్రశ్నలనే యీ పాఠమున విచారింప దలచితిమి.

మన ప్రాచీన ధర్మశాస్త్రకారులు వయస్సు వచ్చినవానికి ప్రాప్తవ్యవహారుడని పేరు పెట్టిరి. వ్యవహారమును బొందినవాడని యర్థము. మీసము వచ్చినవాడనిగాని, పెండ్లి యైనవాడనిగాని వారు చెప్పలేదు. ఇచ్చిపుచ్చుకొనుటకును, మాట యిచ్చి నిలుపుకొనుటకును, తన పనికి దానే యుత్తరవాది యగుటకును దగినవాడని వారి భావము. ఈ పేరు మిక్కిలి లోతైనది. వయస్సు దానంతట వచ్చును. వ్యవహారమును మాత్రము మనము పొందవలెను.

1. శాస్త్రమును చట్టమును

కౌటిల్యుని అర్థశాస్త్రము స్త్రీకి 12 ఏండ్లును పురుషునికి 16 ఏండ్లును వ్యవహారవయస్సని నిర్ణయించినది. నారదస్మృతి ఎనిమిదవ యేటివఱకు శిశువును గర్భస్థునితో సమానునిగా నెంచి, పదునాఱవ యేటివఱకు బాలుడని చెప్పి, ఆ పిమ్మట వ్యవహార మెఱిగిన స్వతంత్రుడని యంగీకరించినది. కాని తల్లిదండ్రులు లేనప్పుడే యా స్వాతంత్ర్యమనియు, వారుండగా ముదిమి వచ్చినను కొడుకు స్వతంత్రుడు కాడనియు గూడ జెప్పినది. ఈ రెండవమాటను మన కుటుంబములు మొదటిదానికన్న గట్టిగా బట్టుకొన్నవి. తల నెరసిన కొడుకు ధాన్యము బేరమునకు సయితము తండ్రి ముఖము జూచు నిండ్లు మన మెఱుగనివి కావు.

తరువాతి నిబంధనకారులలో 15 ఏండ్లు నిండిన జాలునని వంగదేశీయులును, 16 నిండవలెనని మఱికొందఱును వాదించిరి. 1875వ సంవత్సరపు 9వ చట్టము ఈ భేదములను దీసివేసి 18 ఏండ్లు నిండుటను వ్యవహారవయస్సుగా జేసెను. న్యాయస్థానము సంరక్షకుని నియమించిన పిల్లలకు మాత్రము 21 అని యుండెను. 1999వ సంవత్సరపు సవరణచే నా భేదమును దొలగి అందఱికిని 18 అయ్యెను. వయస్సు రానివాడు చేసికొన్న ఒప్పందము రద్దుచేయదగినదా, మొదటినుండియే శూన్యమా యను వివాదము 1903వ సంవత్సరమున ప్రీవీ కౌన్సిలు తీర్పుచే దీరెను. కలకత్తాలో ధర్మదాసు ఘోషు అను బాలుడు వడ్డీవ్యాపారికి ఆస్తిని దాకట్టు పెట్టిన వ్యాజ్యెమది. అట్టి యొప్పందము పుట్టనే లేదని న్యాయమూర్తులు నిర్ణయించిరి. ఓటుహక్కు 21 నుండి 18కి దిగినది 61వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చిన 1989వ సంవత్సరమున.

చదువరు లిచట నొక వింతను గమనింపవలెను. 1875వ సంవత్సరపు చట్టము వివాహమును, దత్తతను తన పరిధికి వెలుపల నుంచెను. అనగా ఎకరము నమ్ముటకు దగని బాలుడు ఒక యాడుబిడ్డ జీవితమునకు భర్త యగుటకు దగును! పిల్ల యింకను జిన్నది. ఆమె సొమ్ము నెవ్వరును దాకరాదు. ఆమెను మాత్రము కన్యాదానము చేయవచ్చును! భూమికి గలిగిన రక్షణ ప్రాణికి గలుగలేదు. 1929వ సంవత్సరపు శారదా చట్టము బాలికకు 14, బాలునకు 18 అని హద్దు పెట్టెను. 1978లో అవి 18, 21 అయ్యెను. చట్టము ఒక్కొక్క మెట్టే యెక్కినది. ప్రతి మెట్టునను దానిని వెనుకకు లాగినవారు చదువురానివారు మాత్రమే కారు.

2. మేము కన్నదియు జేసినదియు

ఇపుడు మా వృత్తిలో జరిగిన యొక సంగతిని జెప్పవలసియున్నది. దీనిని జెప్పుట మాకు గౌరవకరము కాదు. అయినను జెప్పక యీ పాఠము పూర్తి కాదు.

తండ్రి లేని యొక బాలుని పొలమును, అతనికి 11 ఏండ్లుండగా, తల్లి సంరక్షకురాలిగా నొక దగ్గఱి బంధువునకు విక్రయించెను. 1956వ సంవత్సరపు చట్టము ప్రకారము మైనరు స్థిరాస్తిని అమ్ముటకు న్యాయస్థానపు అనుమతి కావలెను. ఆ యనుమతి తీసికొనలేదు; ధరయు దక్కువ. అట్టి విక్రయమును బాలుడు వయస్సు వచ్చిన మూడేండ్లలోపల ప్రశ్నింపవచ్చును. కొన్న బంధువునకు ఈ సంగతి తెలియును. కావున బాలునకు 18 నిండిన వారమునందే, పూర్వపు విక్రయము తనకు సమ్మతమేయని వ్రాయు దస్తావేజు నొకటి సిద్ధము చేయుమని మాయొద్దకు వచ్చెను. మేము వ్రాసితిమి. వ్రాతలో దోషము లేదు. కక్షిదారునకు మేలైన కాగితమే.

నిర్ణీతదినమున బాలుడు పినతండ్రితో వచ్చెను. కాగితమును జేత బట్టుకొని రెండు పంక్తులు చదివి, "అయ్యా, దీనిని ఇంటికి దీసికొనిపోయి రేపు తెత్తునా?" అని మమ్మడిగెను. మేము బదులు పలుకకమునుపే పినతండ్రి, "ఏమిరా, పెద్దల మాటకన్న నీకు కాగితము మిన్నయా? వకీలుగారే వ్రాసిరి గదా" అనెను. బాలుడు మావైపు జూచెను. మేము కలమును ముందుకు జరిపితిమి. అతడు వ్రాలు చేసెను. సబురిజిస్ట్రారు కచేరీలో పని గంటలో ముగిసెను.

రెండేండ్లకు పిమ్మట ఆ చిన్నవాడు మఱియొక పనిమీద వచ్చి కూర్చుండెను. నిష్ఠురమాడలేదు. "అయ్యా, ఆనాడు కాదనవచ్చునని నాకు దెలియదు. కాదనుట మర్యాద కాదని మాత్రమే తెలియును" అనెను. అప్పటికతనికి 20 ఏండ్లు. ఆ వ్రాలు చేయకుండినయెడల అతనికి విక్రయమును బ్రశ్నింప నింకొక సంవత్సరము మిగిలియుండెడిది.

మేము చట్టమునకు విరుద్ధముగా నేమియు జేయలేదు. ఆ మాట మాకు ఓదార్పు కాలేదు. చట్టము ఆ బాలునకు గల మిచ్చినది. చదువు అక్షరము లిచ్చినది. కాని వ్రాలుచేయకమునుపు చదువు నలవాటును, చదివినపిమ్మట కాదను ధైర్యమును ఇంటిలోగాని బడిలోగాని యతని కెవ్వరు నీయలేదు. ఇయ్యదగిన యొక్క నిమిషమున మేమును ఈయలేదు. నాటినుండి 25 ఏండ్లకు లోబడినవా రెవ్వరు మా కచేరీలో వ్రాలుచేయవలసివచ్చినను, కాగితము నొకరాత్రి వారి యింటనుండ నిచ్చి, మఱునాడు వచ్చి చదివి వినిపింపుమని కోరుచున్నాము. కొందఱు కక్షిదారు లిందువలన మమ్ము విడిచిరి. ఆ నష్టము న్యాయమైనదే.

ఆడుబిడ్డల విషయ మింకను దారుణము. 1986వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ సవరణ చట్టముచేతను, 2005వ సంవత్సరపు కేంద్ర సవరణచేతను పిత్రార్జితాస్తిలో గూతురికిని గొడుకుతో సమానమైన భాగము గలిగినది. అయినను వివాహమాడిన పిల్ల, పసుపుకుంకుమల క్రింద ఇచ్చినది చాలునని, అన్నదమ్ముల పేర హక్కు విడుదల వ్రాయుట యెన్నియో యిండ్లలో ఆచారముగ నున్నది. ఆ కాగితము నామెకు జదివి వినిపించువా రెందఱు? "వ్రాయకున్న పుట్టినింటికి రాకపోకలుండవు" అను మాట నెవ్వరును బయటికి బలుకరు. పలుకకయే యది వ్రాలు చేయించును.

3. మహర్షి దేవేంద్రనాథుని పదునెనిమిదవ యేడు

లోపలి మార్పున కొక నిదర్శనము మన సమాజచరిత్రయందే కలదు. మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు 1817వ సంవత్సరమున గలకత్తాలోని మహైశ్వర్యముగల యింట జన్మించిరి. వారిని బెంచినది నాయనమ్మ. ఆమె యవసానకాలమున నాటి యాచారముచొప్పున గంగయొడ్డునకు దీసికొనిపోయిరి. దేవేంద్రనాథున కపుడు 18 ఏండ్లు. ఆమె మరణమునకు ముందటి రాత్రి నిండు వెన్నెలలో, రేవుదరి నొక ముదుకచాపపై నతడు కూర్చుండియుండెను. దాపున నామసంకీర్తనము వినవచ్చుచుండెను. అప్పు డతనికి ఐశ్వర్యమంతయు నిస్సారమనియు, తా గూర్చున్న చాపయే తనకు దగిన యాసనమనియు దోచి, మున్నెఱుగని యానందము గలిగినదని స్వీయచరిత్రమున వ్రాసికొనిరి.

ఆ రాత్రి యాతని కేమియు బోధపడలేదు. ఆనందము మఱునాటికి మాసిపోయెను. తరువాత చాలకాల మతడు దానిని వెదకి కానక కుమిలెను. పిమ్మట నొకనాడు గాలికి గొట్టుకొనివచ్చిన సంస్కృతపు చినిగిన పత్ర మొకటి కంటబడగా, దాని యర్థమును పండితుల నడిగి, రామచంద్ర విద్యావాగీశునివలన నది ఈశావాస్యోపనిషత్తులోనిదని తెలిసికొనెను. 1839లో తత్త్వబోధినీసభ వెలసెను. 1843లో సహచరులతో గూడ బ్రాహ్మధర్మదీక్ష నందెను. అనగా 18వ యేట బడిన విత్తునకు మొలక రా గొన్ని యేండ్లు పట్టెను.

దాని ఫల మెట్టిదో యీవల దెలిసెను. తండ్రి ద్వారకానాథుడు 1846లో లండనున గాలధర్మము నొందెను. వారి వ్యాపారసంస్థ 1848లో గూలెను. తండ్రి కొన్ని జమీలను ఋణదాతల చేతికి జిక్కకుండ ధర్మకర్తృత్వపత్రముచే ముందే కాపాడియుండెను. చట్టప్రకారము వానిని ఋణదాతలు ముట్టజాలరు. దేవేంద్రనాథుడు మాత్రము వానిని సయితము వారి ముందుంచెను. వకీలుగా మే మీ ఘట్టమును దఱచు దలచుకొందుము. ఆ పత్రము ఋజువైనది. దానివెనుక దాగుటకు న్యాయస్థాన మనుమతించును. అయినను దాగనొల్లనివాడే పూర్ణార్థమున ప్రాప్తవ్యవహారుడు. చాపపై గూర్చున్న రాత్రికిని, ఋణదాతల సభకును నడుమ పండ్రెండేండ్లు పైబడెను. యౌవనమన నీ పండ్రెండేండ్ల పొడవుగల పని. ఒక్క పుట్టినదినపు వేడుక కాదు.

4. మనకే హెచ్చరిక

పరులను విమర్శించుటకు మునుపు మన యింటి కథను దలచుకొనుట ధర్మము. బ్రహ్మానంద కేశవచంద్ర సేనుగారు బాల్యవివాహములకు బద్ధవిరోధులు. కన్యలకు దగిన వివాహవయస్సును గూర్చి వైద్యుల యభిప్రాయములను సేకరించిన మహనీయులు. వారి యుద్యమఫలముగనే 1872వ సంవత్సరపు 3వ చట్టము పుట్టి, కన్యకు 14, వరునకు 18 అని నిర్ణయించినది. ఆఱేండ్లు దిరుగకమునుపే, 1878వ సంవత్సరము మార్చి నెలలో, వారి కుమార్తె సునీతీదేవికి 14 నిండకయే, 18 నిండని కూచబిహారు రాజకుమారునితో వివాహము జరిగెను. ఆ మే నెల 15వ తేదీని సాధారణ బ్రాహ్మసమాజము వేఱుపడెను.

ఆ మహాత్ముని భక్తిని వాగ్ధాటిని దేశసేవను మేము తక్కువ చేయుటలేదు. ఒక్క సంగతిని మాత్రమే నేర్చుకొనవలయునని కోరుచున్నాము. సంస్కారము సభలో నెగ్గుట సులభము. సంబంధము వచ్చిననాడు ఇంటిలో నెగ్గుట కష్టము. మన పిల్లల వయోధర్మమును బరీక్షించునది పరుల ద్వేషము కాదు, మన ప్రేమయే, మన యాశయే. "ఇంతటి సంబంధము మరల వచ్చునా?" అను నొక్క ప్రశ్న ఎన్ని చట్టములనో యిల్లు దాటనీయక నిలిపినది.

5. ఆక్షేపములకు సమాధానము

యువకులకు బుద్ధి పండదనియు, పెద్దలచేతిలో నుండుటయే వారికి క్షేమమనియు గొందఱు చెప్పుదురు. ముందాలోచన చేయు మెదడుభాగము ఇరువదియైదేండ్ల ప్రాంతమువఱకును బెరుగుచునేయుండునని నేటి శరీరశాస్త్రజ్ఞులును జెప్పుచున్నారుగదా యని వారి వాదము. సంగతి నిజమే, దానివలన దేలునది వేఱు. పెరుగుచున్న కండకు బని వలదని యెవ్వరును జెప్పరు. పని లేక యది పెరుగదు. ఇరువదేండ్లవఱకు నీటి దాపునకు బోనీయక, ఇరువదియొకటవ యేట గోదావరిలో ద్రోసి యీదుమనుట క్షేమ మెట్లగును? చిన్న తప్పులు చేయదగిన వయస్సున జేయనీయని తండ్రి, పెద్ద తప్పులు చేయువయస్సున గొడుకును నిరాయుధునిగా విడుచుచున్నాడు.

పితృభక్తి చెడునని మఱికొందఱి భయము. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిని జూడుడు. చదువు ముగించి యిల్లు జేరబోవు శిష్యునకు గురువు తల్లిదండ్రులను దైవముగా భావింపుమని బోధించిన చోటనే, తమయందలి మంచి నడవడినే యనుసరింపవలెను గాని తక్కినదానిని గాదని కూడ బోధించెను. భక్తియు వివేకమును ఒకే నోట, ఒకే దినమున వచ్చినవి. వివేకము లేని భక్తి పెద్దలకును మేలు చేయదు. వారి తప్పును వారికి జూపువా డింటిలో లేకుండబోవును.

స్వాతంత్ర్య మిచ్చినచో విశృంఖలు లగుదురను మూడవ యాక్షేపము కొంతవఱకు బాటింపదగినది. ఇల్లు విడిచి పట్టణమునకు జదువబోయిన యువకుడు తఱచుగా జేయున దేమి? తండ్రి యాజ్ఞను విడిచి తోడివారి యాజ్ఞను దాల్చును. వారు త్రాగిన దాను ద్రాగును. వారు నవ్వినవానిని జూచి తాను నవ్వును. ఇది స్వాతంత్ర్యము కాదు. పెద్దలు చెప్పినదెల్ల జేయుట బాల్యమైనచో, స్నేహితులు చేసినదెల్ల జేయుటయు బాల్యమే. యజమాని మాత్రమే మాఱెను. దీనికి మందు కట్టడి కాదు, లోపలినుండి పుట్టు నియమము. కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు బ్రిన్సిపాలుగ నున్న బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు విద్యార్థుల శీలమును గఱ్ఱతో దీర్పలేదు. తమ శుభ్రజీవనముచే దీర్చిరి. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపిన వీరేశలింగముగారికి దోడు నిలిచినవారిలో వారి విద్యార్థులుండిరి. నమ్మినయెడల యౌవన మెంతబరువు మోయగలదో యీ రెండు నిదర్శనములును జాటుచున్నవి.

6. ఆచరణకు గొన్ని సూచనలు

తల్లిదండ్రులకు: బిడ్డ పదునాఱవ యేడు జొచ్చిననాటినుండి ఇంటి జమాఖర్చు వారి యెదుట దెఱచి చూపుడు. అప్పులుగూడ జూపుడు, అప్పు దాచిన యింట బిడ్డకు బరువు తెలియదు. నెలకొకమాఱు ఒక విషయమున వారి యభిప్రాయ మడిగి, వీలైనయెడల దాని ననుసరింపుడు. వారు కాదన్నప్పుడు కారణ మడుగుడు, కోపపడకుడు. కూతురిని గొడుకుతో సమానముగా గూర్చుండబెట్టుకొని యీ పని చేయుడు. 18 నిండిన దినమున నూతనవస్త్రములతోబాటు వారి పేరనున్న కాగితము లన్నియు వారి చేతికిచ్చి చదివింపుడు.

యువతీయువకులకు: చదువని కాగితముపై వ్రాలు చేయకుడు. "రేపు చెప్పెదను" అనుట యవమర్యాద కాదు. చేతికి వచ్చిన ప్రతి రూపాయికిని లెక్క వ్రాయుడు. లెక్క చూచువారు లేరని తెలిసిననాడు మఱింత శ్రద్ధతో వ్రాయుడు. వివాహవిషయమున మీ సమ్మతి మీరే నోటితో జెప్పుడు. మౌనమును సమ్మతిగా నితరు లర్థము చేసికొన నీయకుడు. 1961వ సంవత్సరపు చట్టము వరకట్నమును నిషేధించినది. "మా నాయనగారు పుచ్చుకొనిరి, నాకు దెలియదు" అను వరుడు తా నింకను బాలుడనని యొప్పుకొనుచున్నాడు. దినమున కొక్క గడియ యేకాంతమున గూర్చుండి, ఆ దినమున దాను చేసిన పనులలో దనది యేది, ఒరులకు వెఱచి చేసిన దేది యని విచారింపుడు. ఉపాసనకు మొదటి మెట్టదియే. అంతరాత్మ యెదుట నిజము పలుకనేర్చినవానికి సభలో నిజము పలుకుట యంత కష్టము కాదు.

కౌమారమున మన కొక సుఖ ముండెను: తప్పు చేసినను, "చిన్నవాడు, పోనిండు" అని మన్నించువారుండిరి. యౌవనద్వారమున నా మన్నన నిలిచిపోవును. దానికి బదులుగా మనకు లభించునది మన మాట. దానికి విలువ యుండును. అందుకొఱకే దానికి బాధ్యతయు నుండును. ఈ మార్పిడి నష్టమని యేడ్చువారును గలరు. మా యనుభవమున నది లాభమే. అయితే లాభమని యెఱుగుటకు ఒకసారియైనను మన మాటను మనమే నిలుపుకొని చూడవలెను.

ఆనాడు మావైపు జూచిన బాలుని చూపును మేము మఱువలేదు. ప్రతి యింటను, ప్రతి కచేరీయందును నట్టి చూపుతో నొక యువకుడో యువతియో నిలిచియున్నారు. వారికి మన మీయదగినది ఒక రాత్రి గడువు, ఒక నిజమైన మాట.

సర్వాంతర్యామియైన పరమేశ్వరుడు మన బిడ్డలకు దమ మనస్సును దాము చదువుకొను ధైర్యమును, మనకు వారిని జదువనిచ్చు నోరిమిని బ్రసాదించుగాక. ఓం శాంతిః.